అయిదు నిమిషాల గంట

(కృష్ణగిరి జిల్లా తెలుగువారి సమావేశంలో, వక్తల సమయానికి పరిమితి విధించే తీర్మానంపై చేసిన ప్రసంగ పాఠం)



ఇకమీదట మన సభల్లో ఒక్కొక్కరు అయిదు నిమిషాలకు మించి మాట్లాడరాదనీ, ఒక అంశంపై పదిమంది మాట్లాడిన తర్వాత చర్చను ముగించాలనీ కార్యవర్గం తీర్మానం ప్రతిపాదించింది. దీనిని నేను వ్యతిరేకించను. ఉన్నదున్నట్లుగా సమర్థించనూ లేను. కారణం చెప్పాలంటే ముందుగా నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

గత సమావేశంలో ఉదయం పదిగంటలకు సభ మొదలైంది. మధ్యాహ్న భోజనాల వేళకు ముగ్గురమే మాట్లాడాము. ఆ ముగ్గురిలో నేనొకణ్ణి. తెలుగు ప్రాచీనతపై నలభై నిమిషాలు ప్రసంగించాను. సభలో ఉన్నవారందరికీ తెలిసిన సంగతులే. కరతాళధ్వనులు బాగానే వచ్చాయి. భోజనాల తర్వాత తళి వైపు పల్లె నుంచి వచ్చిన ఒక తల్లి మైకు అందుకున్నారు. తమ అత్తగారు అదే బడిలో తెలుగు చదివిన కథతో మొదలుపెట్టారు. అసలు సంగతికి వచ్చేలోగా గంట కొట్టారు. "ఇంగా చెప్పేది ఉండాది సామీ" అన్నారామె. రెండో గంట కొట్టారు. బస్సు వేళయిందని ఆమె వెళ్లిపోయారు. ఆ బడిలో తెలుగు అయ్యవారు పదవీ విరమణ చేశాక మరొకరు రాలేదన్నది ఆమె చెప్పదలచిన మాట. బస్టాండులో అడిగితే నాకు తెలిసింది.

మైకు అలవాటున్నవారు తిన్నగా విషయంలో దిగుతారు. అలవాటు లేనివారు ఊరు, ఇంటిపేరు, పెద్దల ప్రస్తావనతో మొదలుపెట్టి మెల్లగా విషయానికి వస్తారు. అది మన పల్లెల సంభాషణా మర్యాద. ఇద్దరికీ ఒకే గడియారం పెడితే పైకి సమానంగా కనిపిస్తుంది గాని, నష్టపోయేది రెండోవారే.

హద్దు లేకపోవడంలోని ప్రమాదాన్నీ చూశాము. 2006లో తమిళనాడు తమిళ అభ్యసన చట్టం వచ్చింది. 2006-07లో ఒకటో తరగతితో మొదలై, ఏడాదికొక తరగతి చొప్పున పైకెక్కి, 2015-16లో పదో తరగతిని చేరింది. అంటే అది మనకు తొమ్మిదేళ్ల ముందే కనబడుతూ వచ్చిన గడువు. ఆ ఏళ్లలో మా చుట్టుపక్కల జరిగిన సభలకు చాలావాటికి వెళ్లాను. ఏ బడిలో ఎందరు తెలుగు పిల్లలున్నారో, ఎన్ని ఖాళీలున్నాయో పట్టిక రాసుకున్న సభ నాకు ఒక్కటీ గుర్తులేదు. శాసనాల గురించీ రాయల గురించీ మాత్రం గంటల తరబడి విన్నాను, వినిపించాను.

చర్చకు హద్దు పెట్టాలా వద్దా అన్న తగవు మనతో పుట్టినది కాదు. 1881లో లండన్‌లోని కామన్స్ సభలో ఐర్లండ్ సభ్యులు, తమ దేశంపై తెస్తున్న నిర్బంధ బిల్లును అడ్డుకోవడానికి మాట్లాడుతూనే ఉన్నారు. జనవరి 31న మొదలైన బైఠక్కు నలభై ఒక్క గంటలకు పైగా సాగింది. చివరికి స్పీకర్ బ్రాండ్, అప్పటికి ఏ నిబంధనా లేకున్నా తన అధికారంతోనే చర్చను ఆపేశారు. మరుసటి ఏడాది చర్చ ముగింపు తీర్మానం నిబంధనగా మారింది. అల్పసంఖ్యాకుల చేతిలో ఉన్న ఒకే ఆయుధం దీర్ఘ ప్రసంగం. దానిని వాడినందుకే హద్దు పుట్టింది.

మన రాజ్యాంగ సభదీ ఇంకొక పాఠం. రెండేళ్ల పదకొండు నెలల పదిహేడు రోజులు పట్టిందని, ఇంత జాప్యమా అని విమర్శకులు అన్నారు. 1949 నవంబరు 25న అంబేడ్కర్ దానికి జవాబు చెబుతూ లెక్కలు చూపారు: ఇచ్చిన సవరణలు 7,635, సభలో ప్రతిపాదించినవి 2,473. మిగిలినవాటిని సభలోకి రాకముందే వడగట్టారన్నమాట. భాషల అధికరణాలపై మూడు రోజుల పాటు, సెప్టెంబరు 12 నుంచి 14 వరకు, వాదోపవాదాలు సాగాయి. పదిమందికి మించరాదని అక్కడ అని ఉంటే, హిందీయేతర ప్రాంతాలవారిలో ఎందరికి మాట దక్కేదో ఊహించుకోండి.

నేటి లోక్‌సభలో పార్టీలకు వాటి బలాన్నిబట్టి సమయం పంచుతారు. చిన్న పార్టీ సభ్యుడికి మూడు నిమిషాలు దక్కితే గొప్ప. కాని అదే సభ నియమాల్లో 356వది నాకు మరీ నచ్చుతుంది. అప్రస్తుతంగా మాట్లాడుతున్నా, తన వాదాన్నో ఇతరుల వాదాన్నో విసుగు పుట్టేలా తిరిగి చెబుతున్నా, ప్రసంగం ఆపమని సభాపతి ఆదేశించవచ్చు. ఇక్కడ అడ్డుకునేది నిమిషాలను కాదు, పునరుక్తిని. 120, 210 అధికరణాలు మాతృభాషలో మాట్లాడడానికి సభాపతి అనుమతిని కల్పిస్తున్నాయి. 2024 జూన్‌లో మన కృష్ణగిరి నుంచి ఎన్నికైన గోపీనాథ్ గారు లోక్‌సభలో తెలుగులో ప్రమాణం చేసినప్పుడు మనమంతా పొంగిపోయాము. అయితే ప్రమాణ పాఠం అందరికీ తెలిసినదే. మూడు నిమిషాల్లో, అనువాదం మీద ఆధారపడిన శ్రోతలను ఒప్పించడం వేరు.

ఇంత దూరం పోనక్కరలేదు. మన అవధానాన్నే చూడండి. పృచ్ఛకులకు వరుస ఉంది. సమస్యకైనా, దత్తపదికైనా, వర్ణనకైనా ఒక ఆవృత్తిలో ఒక్క పాదమే. అందరి వంతూ తిరిగి వస్తేనే రెండో పాదం. ఒకరి పద్యం పూర్తయ్యేదాకా మిగిలినవారు ఆగవలసిన పనిలేదు. పక్కదారి మాటకు కూడా అప్రస్తుత ప్రసంగి అనే పీట వేసి కూర్చోబెట్టారు మనవాళ్లు. చర్చకు హద్దు పెడుతూనే ఎవరి నోరూ మూయని ఏర్పాటిది.

కనుక తీర్మానానికి నా సవరణలు వినండి. ఒక అంశంపై మొదటిసారి మాట్లాడేవారికి గంట వద్దు, అధ్యక్షుల విచక్షణ చాలు. అందరి వంతూ అయ్యేదాకా ఎవరూ రెండోసారి లేవరాదు. వేదికపై కూర్చున్నవారికి అయిదు నిమిషాలు గట్టిగా వర్తించాలి, నాతో సహా. పదిమంది అనే లెక్క తీసివేసి, కొత్త సంగతి రావడం ఆగినప్పుడు చర్చ ముగించండి. బడుల ఖాళీల గురించి చెప్పేవారిని పొద్దునే పిలవండి, ప్రాచీనతను భోజనాల తర్వాతకు పెట్టండి. అప్పుడు నిద్ర వచ్చినా పెద్ద నష్టం లేదు.

ఆ తల్లి ఈరోజు మళ్లీ వచ్చారు. మూడో వరుసలో కూర్చున్నారు. తిరుగు బస్సు నాలుగు గంటలకట. అధ్యక్షా, తీర్మానాన్ని ఓటుకు పెట్టేముందు మైకును ఆమెకు ఇప్పించవలసిందిగా కోరుతున్నాను.