కాచినను పోని దోషము



ముప్పది రెండేండ్లు బడిపంతులనై యుండి పిల్లలకు నేర్పిన పాఠములలో ఒకదానిని నేడు మీ యెదుట సవరించుకొనవలసి వచ్చినది. "నీరు కాచి త్రాగుడు, ఏ దోషమును ఉండదు" అని బడిగోడమీద పెద్ద యక్షరములతో వ్రాయించితిని. సూక్ష్మక్రిముల విషయమున ఆ మాట నేటికిని సత్యమే. యురేనియము విషయమున చెల్లదు.

యురేనియము 1789లో క్లాప్రోత్ అను జర్మను రసాయనవేత్త కనుగొనిన ధాతువు. అది తనంతట కిరణములను వెలువరించునని 1896లో పారిసున బెక్వెరెల్ పండితుడు కనిపెట్టెను. ఇది దూరదేశముల ముచ్చట యనుకొనరాదు. తెలంగాణమందును రాయలసీమయందును మన కాళ్లక్రింది గ్రానైటు రాతిలో స్వల్పముగ గలదు. కడప జిల్లా తుమ్మలపల్లెలో దాని గనియే యున్నది. వాననీరు నేలలో నింకి, రాతిపగుళ్లలో ఏండ్ల తరబడి నిలిచి, దానిని కొంచెము కొంచెముగ కరగించుకొని బావులకు చేరును. అట్టి నీటికి వేరు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు.

నిరుడు సంక్రాంతికి, నీటి పరీక్షాశాలలో పనిచేయు నా పూర్వశిష్యుడు మా యింటికి వచ్చి పెరటి బోరునీరు సీసాతో తీసికొనిపోయెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో పెట్టిన హద్దు లీటరునకు 30 మైక్రోగ్రాములు. సుమారు గురివింద గింజయెత్తు యురేనియము నాలుగువేల లీటర్లలో కలసినచో ఆ హద్దు చేరును. మా నీరు దానిని దాటినదట.

"కాచియే త్రాగుచున్నాము గదరా!" అంటిని.

"కాచేకొద్దీ ఆవిరయ్యేది నీరేనండీ, మాస్టారూ. అది గిన్నెలోనే ఉండిపోతుంది" అనెను.

నా మూడేండ్ల మనుమరాలు త్రాగుచున్నది ఆ నీరే. నాకు నోట మాట రాలేదు.

భయపడి బావులు పూడ్చుడని నేననను. కిరణములకంటె దాని రసాయనగుణమే ముందుగ చెరుపు చేయును. త్రాగినదానిలో చాలభాగము వెడలిపోవును. రక్తమున చేరిన కొంచెము మూత్రపిండములను తాకును. మితిమీరిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినచో చేటు వానికే. దానినుండి క్రమముగ పుట్టు రేడాన్ అను వాయువు కథ వేరు. అది నీటిని కాచినను, గాలి తగిలినను లేచిపోవును, నాలుగు దినములు నిండకమునుపే సగము నశించును.

వింత యేమనగా, ఎదురింటివారి బావినీరు హద్దులోపలనే యున్నది! రాయి వేరు, నీటిదారి వేరు. కావున ఎవరి బావిని వారే పరీక్ష చేయించుకొనవలెను. యురేనియమును చూడుడని పేరుపెట్టి అడుగవలెను, ఏలయన సాధారణపు పరీక్షలో అది చేరియుండకపోవచ్చును. గుడ్డతో వడకట్టిన ప్రయోజనము లేదు. ఆర్.ఓ. యంత్రము దానిని చాలవరకు తీసివేయును.

ఇప్పుడు మాకు త్రాగుటకును వంటకును ఎదురింటి నీరు. స్నానమునకు, బట్టలకు మా బోరునీరు. బడిగోడమీది వాక్యము క్రింద మరియొక పంక్తి వ్రాయింపుమని ఇప్పటి ప్రధానోపాధ్యాయుని కోరితిని. సున్నము వేయునాడు వ్రాయించెదనని ఆయన మాట యిచ్చినారు.