క్రైస్తవ సంఘాల ఐక్యత: దక్షిణ భారత అనుభవం

(ప్లాటినం జూబ్లీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



క్రైస్తవ సంఘాల ఐక్యతను గురించి ప్రసంగించమని నన్ను ఆదేశించారు. అందుకు మన చెన్నై నగరమే తగిన చోటు. సి.యస్.ఐ. అని మనం పిలిచే దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న ఇక్కడి సెయింట్ జార్జి కతీడ్రల్‌లోనే అవతరించింది.

తెలుగునాట మిషనరీ సంస్థలు పోటీ పడకుండా ప్రాంతాలను పంచుకున్నాయి. గుంటూరులో లూథరన్లు, నెల్లూరు, ఒంగోలులలో అమెరికన్ బాప్టిస్టులు, కాకినాడలో కెనడియన్ బాప్టిస్టులు, మచిలీపట్నంలో ఆంగ్లికన్లు, మెదకులో మెథడిస్టులు, కడపలో లండన్ మిషన్ వారు సేవ చేశారు. కనుక పెక్కు కుటుంబాలు ఏ సంఘానికి చెందాలన్నది సిద్ధాంత విచారణ కంటె, పుట్టిన జిల్లాను బట్టి నిర్ణయమైంది. బ్రతుకు తెరువుకై వలస వచ్చినప్పుడు ఆ సరిహద్దులను కూడా మూటగట్టుకొని వచ్చాం.

ఈ స్థితిని మార్చాలని 1919లో తరంగంబాడిలో కొందరు బోధకులు సమావేశమయ్యారు. వారిలో అత్యధికులు భారతీయులు. విదేశాలలో పుట్టిన చీలికలను ఇక్కడ మోయనక్కరలేదని వారు ప్రకటించారు. తమిళనాట జన్మించి, తెలుగు నేర్చి, 1912లో దోర్నకల్ బిషప్పు అయిన వి.యస్. అజరయ్యగారు వారిలో ముఖ్యులు.

ఆ సంకల్పం ఫలించడానికి 28 సంవత్సరాలు పట్టింది. బిషప్పులు లేని సంఘాల బోధకులకు మరల అభిషేకం చేయాలా అన్నదే చిక్కు ప్రశ్న. చివరకు ఉన్నవారిని ఉన్నట్లే స్వీకరించి, ఇకపై అభిషేకాలు బిషప్పుల చేతుల మీదుగా జరగాలని నిశ్చయించారు. మనస్సాక్షికి విరుద్ధమైన ఆరాధనా విధానాన్ని గాని, బోధకుని గాని ఏ స్థానిక సంఘం మీదా రుద్దబోమని ప్రమాణం చేశారు. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటీరియన్, కాంగ్రిగేషనల్ సంప్రదాయాలవారు ఒక్కటైనది ఈ ప్రమాణం నీడలోనే.

అజరయ్యగారు ఆ దినం చూడలేదు. 1945 జనవరి 1న కన్నుమూశారు. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో అనేకులు ఏళ్ళ తరబడి ఐక్యతకు వెలుపలనే ఉండిపోయారు. అంత ఓపికతో చేసిన ప్రయత్నం సైతం కొందరిని దూరం చేసిందన్న సత్యాన్ని మనం దాచరాదు.

లూథరన్లు, బాప్టిస్టులు ఈ సంఘంలో విలీనం కాలేదు. అయినా 1964లో రాజమండ్రిలో ఆరంభమై, 1973లో హైదరాబాదుకు తరలిన ఆంధ్ర క్రైస్తవ థియలాజికల్ కళాశాలలో వారూ వీరూ కలిసి బోధకులను తీర్చిదిద్దుతున్నారు. విలీనం సాధ్యం కానిచోట సహకారానికి అడ్డు లేదని ఇది నిరూపించింది.

అయితే రాజ్యాంగం వ్రాసుకున్నంత మాత్రాన హృదయాలు కలియవు. ఏకమైన సంఘాలలో సైతం కుల పట్టింపులు, పదవుల పోటీలు, న్యాయస్థానపు వ్యాజ్యాలు మిగిలే ఉన్నాయి. వాటిని విదేశీ మిషనరీల మీద నెట్టలేము, అవి మనవే.

ఇక మన కర్తవ్యమేమి? ఒకరి ఆరాధనను మరొకరు హేళన చేయకుండుట, క్రిస్మస్ సభలను కలిసి జరుపుకొనుట, పేద విద్యార్థికి ఫీజు కట్టేటప్పుడు అతనిది ఏ సంఘమని అడగకుండుట. పెద్దలు దీర్ఘకాలం శ్రమించి నేర్చిన పాఠం ఇదే: ఎదుటివాని మనస్సాక్షిని గౌరవించినచోటనే ఐక్యత నిలుస్తుంది. ఒకే బల్లపై కూర్చుని అక్షరాలు దిద్దిన పిల్లలకు ఆ పాఠం కొత్తది కాదు. దానిని ఇంటిలో చెరిపివేయకుండుట పెద్దల బాధ్యత.