గుఱ్ఱము నేర్పిన పాఠము



మనస్తత్వశాస్త్ర పరిశోధన వ్యాసమును చదువువారు ఫలితముకంటె ముందుగా అది లభించిన విధానమును చూడవలెను. ఇందుకు బెర్లిన్ నగరమునందలి హాన్స్ అను గుఱ్ఱపు వృత్తాంతము చక్కని నిదర్శనము.

ఫాన్ ఓస్టెన్ అను విశ్రాంత ఉపాధ్యాయుడు దానికి లెక్కలు నేర్పెను. ప్రశ్న వేసినంతనే అది గిట్టతో నేలను తట్టి సమాధానము చెప్పుచుండెను. 1904లో పండితసంఘ మొకటి పరీక్షించి, ఇందు మోసమేమియు లేదని తేల్చెను. యజమాని లేకున్నను అది సరిగానే చెప్పుచుండెను.

అంతట ఆస్కార్ ఫుంగ్స్ట్ అను పరిశోధకుడు పద్ధతిని మార్చెను. జవాబు తెలియనివారిచే ప్రశ్న వేయించెను. ప్రశ్నించువాడు గుఱ్ఱమునకు కనబడకుండ జేసెను. రెండు విధములను హాన్స్ తప్పెను. తట్టుల సంఖ్య సరిపోవు క్షణమున ప్రశ్నించువాని తల యించుక కదలుచుండెను. గుఱ్ఱము గ్రహించినది లెక్కను గాదు, ఆ కదలికను. సంగతి తెలిసిన పిమ్మటను ఫుంగ్స్ట్ తన కదలికను పూర్తిగా అణచుకొనజాలకపోయెను. 1907లో ఆయన దీనిని గ్రంథముగా ప్రకటించెను.

కావున పరిశోధకుని నిజాయితీ యొక్కటియే చాలదు. ఎందరిని పరీక్షించిరి? పోల్చుటకు వేరొక వర్గమున్నదా? కొలిచినవారికి ఆశించిన ఫలితము ముందే తెలియునా? ఇతరులు చేసినను అదియే వచ్చినదా? 2015లో ప్రకటితమైన యొక పరిశీలనలో నూరు ప్రయోగములను మరల చేయగా, సంఖ్యాశాస్త్రరీత్యా గణనీయమైన ఫలితము నూటికి 36 మాత్రమే లభించినది.

బిడ్డల తెలివిని, ఉద్యోగార్థుల యోగ్యతను నేడు ఇట్టి శాస్త్రముతోనే కొలుచుచున్నారు. కొలబద్ద తప్పైనచో నష్టపోవునది కొలిచినవారు గాదు, కొలువబడినవారు.