సున్నపు నీళ్లలో ఉడికిన మొక్కజొన్న

మనం స్మరించుకుంటున్న పోషకాహార శాస్త్రవేత్త సి. గోపాలన్ గారు, శ్రీకంఠయ్య గారితో కలిసి 1960లో ఒక పరిశోధన వెలువరించారు. జొన్నే ప్రధాన ఆహారమైన మన దక్కన్ పేదలకు, నియాసిన్ అనే విటమిన్ లోపంతో వచ్చే పెల్లాగ్రా ఎందుకొస్తోందన్నది దాని విషయం. అప్పటిదాకా ఆ జబ్బును మొక్కజొన్నకే ముడిపెట్టేవారు. ఆ మొక్కజొన్న పుట్టిల్లయిన మెక్సికోలో మాత్రం అది అరుదు. నా మాటలు అక్కణ్నుంచి మొదలుపెడతాను.

అక్కడి పల్లెల్లో ఎండు గింజల్ని సున్నపు నీళ్లలో ఉడకబెట్టి తెల్లారేదాకా నాననిస్తారు. పొద్దున్నే చేత్తో నలిపితే పొట్టు జారిపోతుంది. కడిగి, మెటాటే అనే రాతిమీద రుబ్బితే వచ్చే ముద్దే మాసా. దాన్ని తట్టి పెనం మీద కాలిస్తే టోర్టియా. గింజలో బిగుసుకుపోయిన నియాసిన్‌ను సున్నం విడదీస్తుంది, కాల్షియాన్నీ చేరుస్తుంది. మూడువేల ఏళ్లు దాటిన విద్య ఇది. కొలంబస్ తర్వాత గింజ ఓడెక్కి ఐరోపా చేరింది, విద్య మాత్రం ఒడ్డునే ఉండిపోయింది. మొక్కజొన్నే తిండిగా బతికిన స్పెయిన్, ఇటలీ రైతులూ, ఆ తర్వాత అమెరికా దక్షిణాది పేదలూ పెల్లాగ్రాతో మంచానపడ్డారు.

మెక్సికో కంచంలో మొక్కజొన్న ఒంటరిది కాదు. ఒకే చేలో, మిల్పాలో, మొక్కజొన్న కాడకు చిక్కుడు పాకుతుంది, కింద గుమ్మడి అల్లుకుంటుంది. బ్రహ్మజెముడు జాతి నోపాల్ మట్టల కూర, తోటకూర జాతి గింజలు, చియా ఇంకా తోడు. చిక్కుళ్లలోని పీచు వల్ల చక్కెర రక్తంలోకి మెల్లగా చేరుతుంది. నూనెలో వేగి, జున్ను కప్పుకొని హోటళ్లలో దొరికే టాకోను చూసి ఈ వంటను అంచనా వేయకండి. ఆ జున్నుకు పాలిచ్చే ఆవూ, అలాగే పందీ స్పానిష్‌వాళ్లతో అక్కడికి వచ్చినవే.

ఆ కంచంలోకి తీపి సోడాలూ ప్యాకెట్ తిండీ చొరబడ్డాయి. 2014లో ఆ సోడాల మీద లీటరుకు ఒక పెసో పన్ను వేశారు. అయినా 2016లో మధుమేహం మీద ప్రభుత్వం అత్యయిక హెచ్చరిక చేయక తప్పలేదు. అదే ఏడాది అమెరికాలో ఒక చిన్న ప్రయోగ ఫలితం వెలువడింది. మెక్సికన్ సంతతి స్త్రీలు 53 మందికి 24 రోజులు పాతకాలపు భోజనం, 24 రోజులు అమెరికన్ తిండి పెట్టి చూశారు. అమెరికన్ తిండితో పోలిస్తే పాత భోజనంలో ఇన్సులిన్ నిరోధకత సుమారు 15 శాతం తక్కువ. మందులు మానేయమని దీనర్థం కాదు. పాత వంటకు ఓ అవకాశం ఇవ్వొచ్చని మాత్రమే.

ఇక్కడ ఒక చిక్కుంది. మెటాటే ముందు మోకాళ్లమీద కూచుని గంటలకొద్దీ రుబ్బింది ఆడవాళ్లే. మిల్లులొచ్చాకే వాళ్ల నడుముకు కాస్త ఊరట దొరికింది. సంప్రదాయం పేరుతో మళ్లీ ఆ రాయి దగ్గరికి పొమ్మంటే ఎవరూ వినరు, వినకూడదు కూడా. ఊరి మిల్లుకు మంచి గింజ, బడి వంటగదికి మాసా, వండే చేతులకు జీతం ఇవ్వాలి. వీటికి డబ్బు కేటాయించకుండా తల్లులకు వంటపాఠాలు చెప్పే ఏ మధుమేహ నివారణ పథకమూ నిలవదని నా అభిప్రాయం.