తల్లిదండ్రుల మనోభారము: దానిని కొలుచు విధము

బంగారమును తూచుటకు త్రాసు కలదు. జ్వరమును చూచుటకు థర్మామీటరు కలదు. మనస్సుపై బడిన భారమును కొలుచుటకు సాధనమేమి? ఆటిజముగల బిడ్డలను పెంచుచున్న తల్లిదండ్రులను దృష్టియందుంచుకొని ఈ ప్రశ్నను నేడు శ్రోతల యెదుట ఉంచుచున్నాము.

ఇట్టి కొలత యనగానే తల్లులు జంకుటకు కారణము లేకపోలేదు. 1943లో లియో కానర్ అను వైద్యుడు అమెరికాలో పదునొకండుగురు పిల్లలను పరిశీలించి ఆటిజమును వర్ణించెను. అటుపిమ్మట పెక్కేండ్లు, తల్లి ప్రేమ చాలకపోవుటయే దీనికి మూలమని కొందరు పండితులు నమ్మిరి. 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ రచించిన గ్రంథము ఆ నిందకు మిక్కిలి ప్రచారము కల్పించెను. తానే అట్టి బిడ్డకు తండ్రియైన బెర్నార్డ్ రింలాండ్ 1964లోనే ఆ వాదమును ఖండించియుండెను. నేడు శాస్త్రము దానిని పూర్తిగా త్రోసిపుచ్చినది. కనుక ఒత్తిడిని కొలుచుట తల్లిదండ్రుల తప్పులెన్నుటకు గాదు. ఎచ్చట చేయూత కావలయునో తెలిసికొనుటకు.

1983లో రిచర్డ్ అబిడిన్ ప్రకటించిన ప్రశ్నావళి ఈ రంగమున సుప్రసిద్ధము. దాని సంక్షిప్త రూపమున 36 అంశములు కలవు. ఒక్కొక్కదానికి ఒకటి మొదలు అయిదు వరకు గుణములు. మొత్తము 36 నుండి 180 వరకు రావచ్చును. అయితే అది తల్లిదండ్రులందరి కొరకు ఏర్పడినది. బిడ్డ నవ్వునా, చెంతకు చేరునా అను తీరు ప్రశ్నలు అందున్నవి. ఆటిజముగల బిడ్డ విషయమున ఇట్టి ప్రశ్నలకు వచ్చు సమాధానము తల్లి ఒత్తిడిని తెలుపుచున్నదో, బిడ్డ స్వభావమును తెలుపుచున్నదో విడదీయుట కష్టము. గిన్నెకు ధడా కట్టకుండ నేతిని తూచినట్లగును.

ఈ చిక్కును గమనింపదగిన రీతిలో, ఆటిజముగల బిడ్డల తల్లిదండ్రుల కొరకే సిల్వా, షాలాక్ అను పరిశోధకులు 2012లో వేరొక పట్టికను ప్రకటించిరి. అందు 13 అంశములే కలవు. మాట, మెలకువ, మంకుపట్టు, తన్ను తాను గాయపరచుకొనుట, నిద్ర, ఆహారము, మలవిసర్జనము, తమ తరువాత బిడ్డ గతియేమను చింత మొదలైనవి. ఒత్తిడి లేనిచో సున్న. నిత్యము మిక్కుటముగా నున్నచో మూడు. ఇక మావలన కాదేమో యనిపించినచో ఏకముగా అయిదు. నాలుగు అను మెట్టే లేదు.

శరీరము కూడ సాక్ష్యమిచ్చును. యౌవనమునకు వచ్చిన, పెద్దవారైన బిడ్డల తల్లుల లాలాజలమును పరీక్షించి 2010లో అమెరికాలో ఒక పరిశోధన ప్రకటించిరి. ఒత్తిడివేళ ఊరు కార్టిసాల్ అను ద్రవ్యము వారియందు అధికముగా గాక, తక్కిన తల్లులకంటె తక్కువగా ఉండెను. ఏండ్ల తరబడి మోసిన భారమునకు దేహము అట్లు లొంగునని పరిశోధకుల అభిప్రాయము. పైకి నిబ్బరముగా కానవచ్చు తల్లికి భారమే లేదనుకొనరాదని దీనివలన మనము గ్రహింపవచ్చును.

మన దేశమున, బుద్ధిమాంద్యముగల బిడ్డల కుటుంబముల కొరకు బెంగుళూరు వైద్యులు 1999లో ఒక సంభాషణ పద్ధతిని ప్రకటించిరి. కాగితము నింపుటకు బదులు ఇంటివారితో కూర్చుండి మాటలాడుట అందలి విశేషము. అత్తగారు, ఆడపడుచు, ఇరుగుపొరుగు కూడ భాగస్వాములగు మన సంసారములకు ఇది తగియున్నదని మా తలంపు.

మొత్తపు అంకెకంటె, ఏ వరుస బరువెక్కినదో చూచుట ముఖ్యము. నిద్రయైనచో వైద్యుని సలహా; మలవిసర్జనమైనచో శిక్షణ; భవిష్యత్తైనచో 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టము క్రింద సంరక్షకుని నియమించుకొను ఏర్పాటు కలదు. ఆరునెలలకు మరల కొలిచిన, సాయము ఫలించినదో లేదో తేలును.

పొరుగింట అట్టి బిడ్డయున్న శ్రోతలకు ఒక మనవి. ప్రశ్నావళి పనిని వైద్యులు చూచుకొందురు. వారమున కొకమారు ఆ బిడ్డను గంటసేపు కనిపెట్టియుండి, తల్లికి విశ్రాంతి కల్పింపుడు.