దాచిన కేసే దెబ్బతీస్తది



మన వాడ పిల్లలు కానిస్టేబుల్ పరీక్ష గెలిచి, పోలీసు విచారణలో ఓడిపోవడం మేం చూస్తున్నాం. ఎన్నడైనా అరెస్టయ్యారా, కేసు నడిచిందా అని అటెస్టేషన్ ఫారం అడుగుతది. తాగి కొట్లాడిన పాత కేసు కొట్టేసిండ్రు గదా అని 'లేదు' అని రాస్తరు. ఠాణా రికార్డు మరిచిపోతదా?

2016 జూలై 21న అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది: ఫారంలో నిజమే రాయాలి. చిన్న వయసులో చిన్న కేసైతే, దాచినా అధికారి మన్నించవచ్చు. మన్నించి తీరాలని లేదు. నిజం రాసినా ఉద్యోగం ఖాయం కాదు. కాని అబద్ధం రాస్తే చేరినంక కూడా తీసేయవచ్చు.

కనుక ఫారం నింపేనాడు మనం పిల్లల పక్కన కూర్చుందాం. ఎఫ్ఐఆర్, తీర్పు నకళ్లు ముందే తెప్పిద్దాం. తాగుడు మాన్పిద్దాం, నిజం రాయిద్దాం!