పెద్ద కమతములలో పాడిపంటల పొత్తు

తెలుగువారు పాడిని, పంటను విడదీసి పలుకరు. పాడిపంటలు అని జంటగానే పలుకుదురు. పెద్దలు దీవించినను ఆ రెండింటిని కలిపియే దీవింతురు. ఈ జంట మాటల పొందిక కొరకు ఏర్పడినది కాదు, బ్రతుకుతెరువు నుండి పుట్టినది. పొలములోని వరిగడ్డి, జొన్నచొప్ప, ధాన్యము దంచగా వచ్చిన తవుడు కొట్టములోని పశువునకు మేత. కొట్టములోని పేడ, పంచితము, పశువు తొక్కి విడిచిన గడ్డి పెంటకుప్పలో మాగి పొలమునకు ఎరువు. పాలు, గింజలు ఇల్లు దాటి అంగడికి పోయినను, తక్కినదంతయు ఆ కమతములోనే తిరుగుచుండెడిది.

శ్రోతలారా! నాలుగు గేదెలు, మూడెకరముల మాగాణి గల రైతునకు ఈ సంగతి మేము చెప్పనక్కరలేదు. నేడు మేము ముచ్చటింపదలచినది వందల పశువులు, వందల ఎకరములు గల పెద్ద కమతములను గూర్చి. పాల ఉత్పత్తిలో భారతదేశము నేడు ప్రపంచమున ప్రథమస్థానమున నున్నది. పాలకు గిరాకి పెరిగినకొలది పెద్ద పశుశాలలు వెలయుచున్నవి. పట్టణముల శివార్లలో సేద్యపు భూమి బొత్తిగా లేకయే గేదెలను బారులు తీర్చి కట్టిన కొట్టములు కలవు. మరియొకవైపు ఒక్క పశువైనను లేక, యూరియా బస్తాలనే నమ్ముకొని సాగుచేయు విశాలమైన పొలములును కలవు. ఒకచోట పేడ పారవేయుటకు తావు లేదు. వేరొకచోట నేలకు పిడికెడు పెంట దొరకదు. పాడి ఒక దారిని, పంట మరియొక దారిని పోయినందువలన కలిగిన చిక్కు ఇది.

పెద్ద కమతము తరతరములు నిలువవలెనన్నచో యజమాని మొదట వేసికొనవలసిన ప్రశ్న ఒక్కటే: మనకున్న నేల ఎన్ని పశువుల ఎరువును జీర్ణించుకొనగలదు? కొట్టము కట్టుటకు ముందే ఈ లెక్క కట్టవలెను. అది కష్టమైన లెక్క కాదు.

దినమునకు పది లీటర్ల పాలిచ్చు ఒక ఆవును తీసికొందము. ఆ పాలలోని మాంసకృత్తులలో సుమారు 50 గ్రాముల నత్రజని ఉండును. ఆవు తిన్న మేతలోని నత్రజనిలో పాలలోనికి చేరునది ఉజ్జాయింపుగా నాల్గవ వంతు మాత్రమే. అనగా 200 గ్రాములు తిన్నచో 50 గ్రాములు పాలలోనికి, 150 గ్రాములు పేడ, పంచితములలోనికి పోవును. ఇది ఏడాదికి సుమారు 55 కిలోలు. ఇట్టి పశువులు 200 ఉన్నచో ఏడాదికి 11 టన్నులు. యూరియాలో నూటికి 46 పాళ్ళు నత్రజని. కాబట్టి 45 కిలోల బస్తాల లెక్కన ఇది సుమారు 530 బస్తాల యూరియాలోని నత్రజనికి సమానము. పొలమున పడినచో ఇది ధనము. బావిలోనికి దిగినచో ఇదే విషము.

ఈ 11 టన్నులకు ఎంత నేల కావలెను? ఐరోపా దేశములు 1991లో చేసికొన్న కట్టడి ప్రకారము, నీరు చెడు ప్రమాదమున్న ప్రాంతములలో పశువుల ఎరువు రూపమున హెక్టారునకు ఏటా 170 కిలోల నత్రజనిని మించరాదు. ఎకరమునకు ఇది సుమారు 69 కిలోలు. ఆ కొలతతో చూచినచో మన 200 పశువులకు 160 ఎకరములు కావలెను. మన శీతోష్ణములు వేరు, పంటలు వేరు. తుదిమాట భూసార పరీక్షదే. అయినను రమారమి ఎంత నేల అవసరమో ఈ లెక్క వలన తేటపడును.

ఈ లెక్కను మరచినచో ఏమగునో తెలియుటకు నెదర్లాండ్స్ దేశమును చూడవచ్చును. పాడికి పేరుపొందిన దేశమది. అక్కడి పశువులు స్వదేశపు గడ్డితోపాటు సముద్రములు దాటి వచ్చిన సోయా దాణాను కూడ తినును. దాణాతో కూడ నత్రజని, భాస్వరము వచ్చును; పేడ మాత్రము ఓడనెక్కి తిరిగి పోదు. ఐరోపాలో 1984 నుండి పాల ఉత్పత్తిపై నుండిన పరిమితి 2015 మార్చి 31తో తొలగినది. డచ్చి రైతులు మందలను పెంచిరి. ఎరువులోని భాస్వరము దేశమునకు విధించిన హద్దును దాటినది. 2017లో పశువుల సంఖ్యను తగ్గింపవలసి వచ్చినది. 2018 నుండి ప్రతి పాడి కమతమునకు ఇంత భాస్వరమే అని హక్కులు నిర్ణయించిరి. 2019 మేలో నత్రజని విషయమై అక్కడి అత్యున్నత పాలనా న్యాయస్థానము తీర్పు చెప్పగా, అక్టోబరులో రైతులు ట్రాక్టర్లతో రహదారులను నింపిరి. నిన్న పెంచుమన్న మందను నేడు తగ్గింపుమన్నచో, అప్పుచేసి కొట్టము కట్టిన రైతు మనస్సు ఎట్లుండునో ఊహింపవచ్చును. విద్యయు, ధనమును, యంత్రములును గల దేశమునకే ఈ అవస్థ తప్పలేదు.

ఇక్కడ కొందరు గోబర్ గ్యాసు సంగతి ఎత్తుదురు. అది మేలైన సాధనమే. ఒక కిలో పచ్చిపేడ నుండి సుమారు 40 లీటర్ల వాయువు వచ్చును. పశువునకు దినమునకు 12 కిలోల పేడ చొప్పున లెక్కించినను, 200 పశువుల పేడతో సుమారు 96 ఘనమీటర్ల వాయువు లభించును. వంటకు వాడినచో ఇది దినమునకు మూడు గ్యాసు సిలిండర్లకు సాటి. పేడగుంటల నుండి మీథేన్ గాలిలో కలిసిపోవుట కూడ తగ్గును. నూరేండ్ల కాలమున భూమిని వేడెక్కించుటలో మీథేన్, బరువుకు బరువుగా, బొగ్గుపులుసు వాయువునకు సుమారు 28 రెట్లు అధికము. కాని ఒక్క మాట మరువరాదు. వాయువుగా పోవునది కర్బనము; నత్రజని, భాస్వరము దాదాపు అంతయు వెలికి వచ్చు బురదలోనే మిగులును. కనుక గ్యాసు యంత్రము ఎంత పెద్దదైనను నేల అక్కర తీరదు. ఆ బురద చేరుటకు పొలము కావలసినదే.

నేల చాలినంత ఉన్నను ఎరువును కాపాడుకొను నేర్పు కావలెను. పశువు విసర్జించు నత్రజనిలో సగము వరకు పంచితములో నుండును. అది మట్టినేలలో ఇంకిపోయినచో దక్కదు. కొట్టమునకు గచ్చు, వాలు, కాలువ, తొట్టి అవసరము. పెంటను ఎండకు, వానకు విడువక గుంటలో కప్పి యుంచవలెను. పొలమున చల్లినదినమే దున్ని మట్టిలో కలుపవలెను. చల్లి విడిచినచో నత్రజని అమోనియాగా ఎగిరిపోవును. పైరు లేని కాలమున, భారీ వర్షములకు ముందు చల్లుట తగదు. నత్రజని నైట్రేట్‌గా మారి నేలలోనికి దిగును. త్రాగునీటిలో నైట్రేట్ లీటరునకు 45 మిల్లీగ్రాములు మించరాదని భారతీయ ప్రమాణము. ఆ హద్దు దాటిన బావులు తెలుగు జిల్లాలలోనూ కలవు.

ఇట్లు చేర్చిన ఎరువు ఒక్క పంటతో తీరిపోవునది కాదు. ఇంగ్లాండులోని రోథంస్టెడ్ పరిశోధన క్షేత్రమున 1852లో ఒక బార్లీ మడికి పశువుల ఎరువు వేయనారంభించిరి. ఇరువదియేండ్లు వేసి 1871తో ఆపివేసిరి. ఒకటిన్నర శతాబ్దము గడచినను, ఎన్నడును ఎరువు ఎరుగని మడికంటె ఆ మడిలో సేంద్రియ పదార్థము నేటికిని అధికముగానే యున్నది. తాత వేసిన పెంట మునిమనుమని కాలమున కూడ నేలలో నుండుననుటకు ఇంతకు మించిన సాక్ష్యము వలదు.

మేత విషయమునను నేలనే అడుగవలెను. కొన్న దాణా ఎంత తగ్గినచో కమతము అంత స్వతంత్రము. కృష్ణా డెల్టా రైతులు కోతకు కొలది దినముల ముందే వరిచేనిలో పిల్లిపెసర, జనుము వంటివి చల్లుదురు. మిగిలిన పదునుతోనే అవి పెరుగును. పశువునకు పచ్చిమేత దొరకును. వేళ్ళ బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి నేలకిచ్చును. మిగిలినదానిని దున్నినచో పచ్చిరొట్ట ఎరువగును. ఇంతటి విద్య మన చేతనుండగా, కోతయంత్రము విడిచిన గడ్డికి నిప్పు పెట్టుట తగునా? ఆ గడ్డిని యంత్రముతో మోపులు కట్టించి కొట్టమునకు చేర్చవచ్చును.

నీటిని కూడ రెండుమార్లు వాడుకొనవలెను. పిండిన పాలు సుమారు 38 డిగ్రీల వెచ్చదనముతో నుండును. వానిని 4 డిగ్రీలకు చల్లార్చవలెను. శీతలయంత్రమునకు ముందు చన్నీటి పలకల గుండా పాలను పంపినచో కరెంటు ఆదా యగును. గోరువెచ్చనైన ఆ మంచినీటిని పశువులకే త్రాగనీయవచ్చును. కొట్టము కడిగిన నీరు మురుగుకాలువకు గాక గడ్డి మడికి పోవలెను.

ఇక నేల లేని పశుశాలల సంగతి. వానిని మూసివేయుమని మేము చెప్పము. ఇరుగుపొరుగు రైతులతో ఒడంబడిక చేసికొనుమందుము: పెంట వారికి, గడ్డి వీరికి. ఇది మనకు కొత్త కాదు. గొఱ్ఱెల కాపరిని పిలిచి చేనిలో మంద కట్టించుకొని, ప్రతిఫలముగా గింజలు కొలిచి ఇచ్చుట మన పల్లెలలో చిరకాలపు ఆచారము. నేల ఒకరిది, మంద మరియొకరిది అయినను పొత్తు చెడలేదు.

పాల లెక్క ప్రతి పాడిలోను వ్రాయుదురు. దాని ప్రక్కనే మరియొక పుస్తకము తెరువవలెను. బయటినుండి వచ్చిన దాణా ఎంత, ఎరువు ఎంత. బయటికి పోయిన పాలు, గింజలు ఎంత. కమతములో మిగిలినది ఎంత, అది ఏ మడికి చేరినది? ఏటేటా ఈ లెక్క సరిపోవుచున్నచో మందను పెంచవచ్చును. సరిపోనిచో, పాలధర ఎంత ఊరించినను, ముందు నేలనైనను చేర్చుకొనవలెను, లేదా మందనైనను కుదించుకొనవలెను.